గోడ ఆరేదాకా

పోయిన చలికాలమంతా మా ఇంట్లో నాతో పాటు చప్పుడు చేసిన ప్రాణి ఒక్కటే, గాలిలో తేమ లాగే మిషను. ప్రాణి అన్నానా? అనేశాను, పోనీండి. నెలల తరబడి ఒక్కడే ఉంటే ఎవడికైనా మిషన్లు కూడా మనుషుల్లాగే వినిపిస్తాయి. పొద్దున కాఫీ తాగాక దాని కింద తొట్టి తీసి సింకులో వంపడం, సాయంత్రం టీ తాగాక మళ్లీ వంపడం, ఇదీ నా దినచర్య. రెండు పూటలా కలిపితే బిందెడు నీళ్లుండేవి. వంపేటప్పుడల్లా ఒకటే ఆశ్చర్యం, రాతిగోడలోంచి ఇన్ని నీళ్లా అని. డెబ్బై దాటిన సివిల్ ఇంజనీరుని. జీవితమంతా ఈ దేశంలో వంతెనల కాంక్రీటు డిజైన్లు చేసినవాణ్ణి. అలాంటివాడి సొంత ఇంట్లో, వెనక గది గోడ చెమటలు కక్కుతూ కూర్చుంది.

పెన్సిల్వేనియాలో, చుట్టూ మొక్కజొన్న చేలున్న చోట, ఎప్పటివాళ్లో రైతులు కట్టుకున్న రాతి ఇల్లు మాది. నాతో పాటు ఈ దేశం వచ్చిన స్నేహితులంతా ఫ్రిస్కోలోనో అల్ఫారెట్టాలోనో పెట్టె విప్పిన బొమ్మల్లాంటి కొత్త ఇళ్లు కొనుక్కున్నారు. "ఒరే శివా, ఆ భూతాల కొంప అమ్మేసి ఇటు వచ్చెయ్యరా. గుడి పక్కనే, ఇడ్లీ పిండి షాపులోనే దొరుకుతుంది, మాట్లాడ్డానికి మనుషులూ ఉంటారు" అని ఫోన్ చేసినప్పుడల్లా అంటారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం నేను. వినలేదు. అసలు ఈ ఇల్లు కొన్నదే ఒక వాసన కోసం. మొదటిసారి చూడ్డానికి వచ్చినప్పుడు, వెనక గదిలో అడుగు పెట్టగానే చల్లటి రాతి వాసన, పాత సున్నం వాసన గుప్పున తగిలాయి. మా ఆవిడ విమల ముక్కు చిట్లించింది. నాకు మాత్రం మా నాన్న చొక్కా గుర్తొచ్చింది. ఆ మాట ఆవిడకి చెప్పలేదు. "గోడలు మందంగా ఉన్నాయి, వేసవిలో ఏసీ అక్కర్లేదు" అని చెప్పాను.

ఆ వాసన కోసం కొన్నవాణ్ణి, ఏడాది తిరక్కుండా దాన్ని ఇంట్లోంచి తరిమేశాను. ఇంత తెలివితక్కువ పని ఎవరైనా చేస్తారా? ఇంజనీరు చేస్తాడు. గోడకి కింద రెండడుగుల మేర పాత సున్నం పూత పెచ్చులూడి, నేల మీద తెల్లగా పొడి రాలుతుండేది. రోజూ ఊడ్చలేక విమల విసుక్కునేది. నేనున్నాను కదా అని రెండు వారాలు సెలవు పెట్టి, పూతంతా గీకి పారేసి, సిమెంటు కలిపి దిట్టంగా ప్లాస్టరు చేశాను. దాని మీద నీరు చొరని రంగు రెండుసార్లు వేశాను. బయటివైపు రాళ్ల సందుల్లో ఉన్న సున్నం కూడా గోకేసి అక్కడా సిమెంటే కూరాను. పనయ్యాక గోడని వేళ్లతో కొట్టి, "విన్నావా, ఠంగుమంటోంది! నా తర్వాత కూడా వందేళ్లుంటుంది" అన్నాను. విమల ఓ నిమిషం చూసి, "బాగానే ఉంది గానీ బాత్రూంలా ఉందండీ" అంది.

మొదట ఐదారేళ్లు గోడ మర్యాదగానే ఉంది. తర్వాత ఒక మూల రంగు అప్పడంలా ఉబ్బింది. గీకి మళ్లీ వేశాను. పక్కన ఉబ్బింది. అక్కడా వేశాను. చివరికి పుస్తకాల బీరువా తెచ్చి అడ్డం పెట్టి, సమస్య తీరిపోయిందనుకున్నాను. దాని వెనక నల్లగా బూజు పట్టింది. విమలకి దగ్గు పట్టుకుంది. ఎలర్జీ అన్నారు, వయసు అన్నారు. ఆఖరికి ఒక డాక్టరు "మీ ఇంట్లో ఎక్కడైనా తేమ ఉందా?" అని అడిగితే విమల నావైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. పోయిన థాంక్స్‌గివింగ్ పండక్కి మోరిస్‌విల్‌లో ఉన్న మా అమ్మాయి సౌమ్య దగ్గరికి వెళ్తే వారంలో దగ్గు మాయం. తిరుగు ప్రయాణం రోజు పొద్దున విమల సూట్‌కేస్ సర్దలేదు. "నేను రానండీ. పోట్లాట కాదు, కోపమూ కాదు. గోడ ఆరిన రోజు ఫోన్ చెయ్యండి, వచ్చేస్తాను. ఊరికే బతిమాలకండి. మీరు బతిమాలితే వచ్చేస్తాను, వచ్చి మళ్లీ దగ్గుతాను" అంది. సౌమ్య మధ్యలో వచ్చి, "నాన్నా, జస్ట్ సెల్ ఇట్. అమ్మ కంటే గోడ ఇంపార్టెంటా?" అంది దాని అమెరికా యాసలో. ఆ రోజంతా పక్క సీటు ఖాళీగా పెట్టుకుని డ్రైవ్ చేసుకుంటూ వచ్చాను.

నలభై ఏళ్లకి పైగా పక్కన ఒక మనిషి ఉండి లేకపోతే ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. తెలిసొచ్చింది. గ్లాసుడు బియ్యం పెడితే రెండు రోజులు మిగిలేది. కూరకి బదులు పెరుగు, పెరుగుకి బదులు మళ్లీ పెరుగు. ఎవరితోనూ మాట్లాడక పొద్దున్నే గొంతు బొంగురుపోయి ఉండేది, ఫోనెత్తగానే "పడిశెం పట్టిందా?" అని విమల కంగారు పడేది. పడిశెం కాదు, గొంతు వాడకపోవడం అని చెప్పలేక, "ఆ, కొంచెం" అనేవాణ్ణి. గోడ సంగతి అడిగేది. పని జరుగుతోంది అనేవాణ్ణి. నిజానికి ఏమీ జరగలేదు. ఒకతను వచ్చి ఇంకా గట్టి రంగు ఉంది, అది వేద్దామన్నాడు. ఇంకొకతను గోడకి ముందు జిప్సం పలకలతో ఇంకో గోడ కట్టి దాన్ని కనపడకుండా చేద్దామన్నాడు. నేను పెట్టిన బీరువాకీ దానికీ తేడా ఏమిటో నాకర్థం కాలేదు.

మంచు కరుగుతున్న రోజుల్లో మేగన్ అనే ఆవిడ వచ్చింది. నలభై ఏళ్లుంటాయేమో, పాత రాతి ఇళ్లు బాగు చెయ్యడమే ఆవిడ పని. బూట్లు దులుపుకుని లోపలికొచ్చి, మీటర్లూ అవీ తియ్యకుండా ముందు అరచెయ్యి గోడకి ఆనించి నిలబడింది, పిల్లాడికి జ్వరం చూసినట్టు. "ఈ సిమెంటు ఎవరు చేశారు?" అని అడిగింది. "నేనే. సివిల్ ఇంజనీర్ని" అన్నాను, కొంచెం ఛాతీ పొంగించే. "పని నీట్‌గా ఉంది" అని మర్యాదకి ఒక మాట అనేసి, "శివా, ఒక్కటి చెప్పండి. లోపలున్న నీళ్లు ఎటు పోవాలి?" అంది. ఆవిడ అడిగింది ఇంగ్లీషులోనే. నాకు మాత్రం తెలుగులో, మా నాన్న గొంతులో వినిపించింది. అచ్చం అదే ప్రశ్న, యాభై ఏళ్ల కిందట, ఇలాంటి గోడ గురించే, నలుగురిలో మా నాన్న నన్ను అడిగాడు. అప్పుడు నేను నవ్వాను. ఇప్పుడు నా అరచెయ్యి కూడా తీసుకెళ్లి ఆ గోడకే ఆనించాను.

మా నాన్న తాపీ మేస్త్రీ. పల్నాడులో మా ఊరి చుట్టూ ఎక్కడ తవ్వినా రాయే, అందులో సగం సున్నపురాయి. ఊళ్లో ఇళ్లు రాతివి, పూతలు సున్నానివి. అమ్మ నాకు ఊహ తెలిసేసరికే లేదు. ఇంట్లో నాన్నా నేనూ, ఇద్దరమే. మా పెరట్లో పూల మొక్కలుండేవి కావు, ఒక గుంట ఉండేది. బట్టీలో కాల్చిన సున్నపురాయి తెచ్చి అందులో పోసి నీళ్లు కొడితే కుతకుతమని ఉడికి, ఆవిర్లు కక్కి, రాళ్లు పువ్వుల్లా విచ్చుకునేవి. "దగ్గరికి రాకురా, కళ్లు పోతాయి" అని అరుస్తూనే తను మాత్రం పక్కనే నిలబడేవాడు. ఆ సున్నాన్ని తడి గోనెల కింద నెలల తరబడి మగ్గబెట్టేవాడు. తర్వాత ఇసకతో కలిపి ఊరి చివర ఎద్దు గానుగలో వేసి, వెన్నలాగా జారేదాకా తిప్పించేవాడు. వసారాలో రెండు పెద్ద కుండలుండేవి. ఒక దాంట్లో కరక్కాయలు నానేవి, ఇంకో దాంట్లో బెల్లం నీళ్లు పులిసేవి. ఆఖరి పూతలోకి ఆ నీళ్లు పడాల్సిందే. మా ఇంటికి ఎవరొచ్చినా గుమ్మంలోనే ముక్కు మూసుకునేవాళ్లు. నాకు ఆ పులుపు వాసన తగిలితేనే ఇంటికొచ్చినట్టుండేది.

ఎవరి ఇంట్లోనైనా గోడ చెమ్మగిల్లిందని పిలిస్తే, నాన్న వెళ్లి ముందు గోడ చూసేవాడు కాదు. ఇంటి చుట్టూ తిరిగేవాడు. చూరు నీళ్లు ఎక్కడ పడుతున్నాయి, బయట మట్టి గోడకి ఎంత ఎత్తుకి చేరింది, స్నానాల నీళ్లు ఎటు పోతున్నాయి, ఇవి చూసుకునేవాడు. అప్పుడు లోపలికొచ్చి, గోడ మీద వేలు రాసి నాలిక మీద పెట్టుకునేవాడు. "ఉప్పు కక్కుతోంది. కింద నుంచే వస్తోంది నీళ్లు" అనేవాడు. కింద మూడడుగులకి సున్నంలో మెత్తగా కొట్టిన ఇటుక పొడి కలపాలి, పైన ఇసక సున్నం చాలు, రెండూ ఒకటి చెయ్యకూడదు అని ఆయన పద్ధతి. "రాయి తాగుతుంది, సున్నం వదుల్తుంది, గాలి పట్టుకుపోతుంది. ఈ ముగ్గురి మధ్యలో మనం దూరకూడదురా" అని నాకు వందసార్లు చెప్పుంటాడు. వందసార్లు విని వందసార్లు మర్చిపోయాను.

సున్నం పనివాళ్ల చేతులు ఎలా ఉంటాయో ఈ కాలం వాళ్లకి తెలియదు. నాన్న వేళ్లు బీటలు వారిన చేనులా ఉండేవి. పడుకునే ముందు ఆముదం రాసుకునేవాడు, అయినా పగుళ్లు మూసుకునేవి కావు. ఆ వేళ్లతో గోంగూర పచ్చడో ఆవకాయో వేడన్నంలో కలిపితే ప్రాణం పోయినంత మంట. స్పూను ముట్టేవాడు కాదు, అది రోగిష్టి వాళ్ల తిండి అనేవాడు. అందుకని నాకు ఏడెనిమిదేళ్లప్పటి నుంచీ నాన్నకి అన్నం కలపడం నా పని. నేను కలిపి, ముద్దలు చేసి, ఒక్కొక్కటే ఆయన అరచేతిలో పెట్టేవాణ్ణి. అరచెయ్యి పగిలేది కాదు. ముద్ద అందుకున్నప్పుడల్లా "ఉప్పు తక్కువైందిరా" అనో "నెయ్యి దాచుకున్నావేరా దొంగా" అనో ఏదో ఒకటి అనేవాడు. మాకు కబుర్లంటే అవే. నేను ఇంజనీరింగు కాలేజీ హాస్టల్లో చేరాక నాన్న వట్టి మజ్జిగన్నంతో గడిపేసేవాడట. సెలవులకి నేనొచ్చిన రోజే పచ్చడి జాడీ అటక మీద నుంచి కిందికి దిగేది. పక్కింటి వాళ్లు నాకీ సంగతి చెప్పి నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి, గర్వంగానే.

మూడో ఏడు వేసవి సెలవుల్లో జరిగింది అసలు సంగతి. మా ఊళ్లో మోతుబరి వెంకట్రామయ్య గారు. ఆయన రాతి ఇంట్లో పడమటి గది గోడకి చెమ్మ. వాళ్లమ్మాయి తొలికాన్పుకి వస్తోంది, ఆ గదే పురుటి గది. నాన్న ఆ పని కోసమే చలికాలం నుంచీ గుంటలో సున్నం మగ్గబెట్టుకుని కూర్చున్నాడు. అప్పటికే పనులు తగ్గిపోయాయి, ఏడాదికి ఒకటో రెండో. నన్ను కూడా చూడ్డానికి రమ్మన్నాడు. వెళ్లేసరికి వెంకట్రామయ్య గారి వసారాలో సిమెంటు బస్తాలు దొంతర పెట్టి ఉన్నాయి. పర్మిట్ మీద తప్ప సిమెంటు దొరకని రోజులు, ఎవరి సిఫార్సుతోనో తెప్పించారు. ఊరంతా వచ్చి ఆ బస్తాల్ని పెళ్లికూతుర్ని చూసినట్టు చూసి వెళ్తోంది. నాన్న మాత్రం, "పాత పూత తీసేసి రెండు నెలలు గోడ అలా వదిలెయ్యాలండి. రాయి ఆరాక పల్చగా మూడు పూతలు సున్నం వేస్తాను" అన్నాడు. "రెండు నెలలా! పిల్ల వచ్చేది వచ్చే నెల కదయ్యా మేస్త్రీ" అని ఆయన నావైపు తిరిగి, "ఏమోయ్ ఇంజనీరూ, మీ నాన్న సున్నమంటున్నాడు, మీ పుస్తకాల్లో ఏముంది?" అన్నాడు.

నలుగురూ నా మొహంలోకి చూస్తున్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. అంతకు ముందు ఊళ్లో నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. "సిమెంటు బలం ముందు సున్నం ఎంతండీ! నీళ్లు చొరబడవు. మూడు రోజుల్లో పనైపోతుంది. సున్నం పాతకాలం వాళ్ల చాదస్తం" అన్నాను. ఆ మాట ఎంత దర్జాగా అన్నానో నాకిప్పటికీ వినిపిస్తుంది. నాన్న కోప్పడలేదు. పాఠం చెప్పినట్టు మెల్లగా, "చొరబడవు, సరే. లోపలున్న నీళ్లు ఎటు పోవాలిరా?" అన్నాడు. "రాతిలో నీళ్లెందుకుంటాయి నాన్నా!" అని నవ్వాను. నేను నవ్వితే వెంకట్రామయ్య గారు నవ్వారు, ఆయన నవ్వితే అందరూ నవ్వారు. నాన్న తాపీ సంచిలో పెట్టుకుని, పై కండువా దులుపుకుని, "మంచిదండి" అని గడప దిగాడు. పని పట్నం మేస్త్రీకి పోయింది.

ఇంటికొచ్చాం. మధ్యాహ్నం నేను ఎప్పట్లాగే కంచం ముందేసుకుని, గోంగూర పచ్చడి వేసి కలపబోతే, నాన్న కంచం తనవైపు లాక్కున్నాడు. "నేను కలుపుకుంటాలే" అన్నాడు. గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయమేసింది. ఆ పగిలిన వేళ్లతో ఎర్రటి పచ్చడి మెల్లగా కలిపాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, మంటకో దేనికో నేనడగలేదు. మర్నాడు కలపబోయాను, ఇవ్వలేదు. ఆ పై రోజూ ఇవ్వలేదు. సెలవులయ్యేలోపు అడగడం మానేశాను, చిన్నవాడికి పౌరుషం ఒకటి ఏడ్చింది కదా. గుంటలో సున్నాన్ని మాత్రం నాన్న రోజూ నీళ్లు పోసి ఎండకుండా కాపాడుతూనే ఉన్నాడు.

రెండు వర్షాకాలాలు గడిచాయి, అప్పట్లో ఇంజనీరింగు ఐదేళ్లు. ఆఖరి పరీక్షలు రాసి ఇంటికొస్తే తలుపుకి గొళ్లెం పెట్టి ఉంది. నాన్న వెంకట్రామయ్య గారింట్లో ఉన్నాడని చెప్పారు. వెళ్లి చూస్తే ఆ పడమటి గదిలోనే, సుత్తీ ఉలీ పట్టుకుని సిమెంటు పెచ్చులు కొడుతున్నాడు. గోడంతా ఉబ్బి, కింద రాళ్లు నల్లగా తడిసి ఉన్నాయి. కాన్పైన అమ్మాయి ఆ గదిలో నెలన్నా ఉండలేక వంటింటి పక్కకి మారిందట, పసిదానికి గుడ్డలు ఆరక, జలుబు తగ్గక. ఇవన్నీ వెంకట్రామయ్య గారే చెప్పారు, నావైపు చూడకుండా. నాన్న నన్ను చూసి నవ్వాడు. "పని దొరికిందిరా" అన్నాడు. దెప్పలేదు. ఒక్కమాట దెప్పి ఉంటే నేను కాళ్ల మీద పడేవాణ్ణి, ఏడ్చేవాణ్ణి, ఏదో ఒకటి తేలిపోయేది. ఆ పూట గబగబా ఇంటికెళ్లి అన్నం వండి, ఆయన కోసం పచ్చడి జాడీ దించి కూర్చున్నాను. ఆయన వచ్చి, వాళ్లింట్లో తినేశానన్నాడు. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాదికే పోయాడు. తప్పైపోయింది నాన్నా అన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది.

ఇంత జరిగినవాణ్ణి మళ్లీ ఈ ఇంటికి సిమెంటు ఎలా వేశాననుకుంటున్నారా? నేనూ అదే అనుకుంటున్నాను. చదువు అనేది ఒకసారి తలకెక్కితే కళ్లతో చూసింది కూడా దిగదు కాబోలు. లేదా, సున్నం ముట్టుకుంటే నాన్న గుర్తొస్తాడని భయపడ్డానేమో. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మా వంశంలో నాతోనే మొదలైంది.

మేగన్ చెప్పిన ప్లాను వింటుంటే ప్రతి మాటా ఆవిడ అనకముందే నాకు తెలుస్తూనే ఉంది. ముందు ఇంటి చుట్టూ తిరిగింది. చూరు గొట్టం విరిగి నీళ్లు గోడ మొదట్లోనే పడుతున్నాయి, అది మార్చాలంది. పూల మొక్కల కోసం నేను పోయించిన మట్టి గది నేల కంటే ఎత్తుగా ఉంది, అది తవ్వి తీసెయ్యాలంది. లోపలా బయటా సిమెంటు కొట్టేసి, వేసవంతా గోడని వదిలెయ్యాలంది. జిప్సం వద్దు, అది తడి పీల్చి మెత్తబడిపోతుంది. సిమెంటు కలిపిన సున్నం అమ్ముతారు, అదీ వద్దు, పేరుకే సున్నం. కింద మూడడుగులకి తడిలోనూ గట్టిపడే రకం సున్నం, పైన మామూలు మగ్గిన సున్నం, మీద సున్నపు వెల్ల, అంతే, రంగు ముట్టుకోకూడదు అంది. "మీరు కింద ఇటుక పొడి కలపరా?" అన్నాను. ఆవిడ చేతిలో పెన్సిలు ఆగిపోయింది. "పాత పద్ధతిలో కలిపేవాళ్లని విన్నాను. మీకెలా తెలుసు?" అని అడిగింది. "మా నాన్న చేసేవాడు" అన్నాను. "ఓ, ఆయన కూడా ఇంజనీరా?" అంది. "కాదు, ఆయనకి పని తెలుసు" అన్నాను.

సిమెంటు కొట్టడానికి వారం పట్టింది. నేనూ ఒక సుత్తి తీసుకున్నాను. వెనక రాళ్లు నల్లగా, చెమర్చి ఉన్నాయి, నేను చూసిన ఆ పడమటి గదిలో లాగే. వేసవంతా కిటికీలు తెరిచి ఆ గదిలోనే కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. గోడ ఆరుతుంటే చూస్తూ కూర్చోవడం కంటే వేరే పనిలేని మనిషిని మీరెప్పుడైనా చూశారా? తడి గీత ఎక్కడిదాకా ఉందో పెన్సిలుతో గుర్తు పెట్టేవాణ్ణి. వారానికి ఒక వేలెడు దిగేది. వాన పడితే అక్కడే ఆగిపోయేది. "ఎంతవరకొచ్చింది?" అని విమల, "మోకాలి దాకా" అని నేను. ఇంకో నెలకి, "చీలమండ దాకా." మనవల కబుర్లు చెప్పేది, పక్కన పిల్లల అల్లరి, టీవీ, మిక్సీ వినిపించేవి. నా వైపు నుంచి వినిపించడానికి ఏమీ ఉండేది కాదు. వాళ్లకి అది ఆరుతున్న గోడ, నాకు ఒంటరిగా గడిచిపోతున్న వేసవి.

అప్పుడు సున్నమంటే మా పెరడు, ఎద్దు గానుగ చప్పుడు, దారిన పోయేవాళ్లు ఆగి "ఎవరింటికి మేస్త్రీ?" అని అడగడం. ఇప్పుడు నాకు సున్నం ఇంకో రాష్ట్రం నుంచి మూత బిగించిన ప్లాస్టిక్ బకెట్లలో వచ్చింది, గ్లోవ్స్ వేసుకోండి, కళ్లద్దాలు పెట్టుకోండి అని నాలుగు వైపులా హెచ్చరికలతో. తెచ్చిన ట్రక్కు కుర్రాడు గుమ్మంలో పెట్టి, ఫోటో తీసుకుని, మాట్లాడకుండా వెళ్లిపోయాడు. నాన్న చాదస్తం ఇక్కడ గొప్ప విద్య, నేర్చుకోవడానికి డిగ్రీలున్న వాళ్లు వస్తారట. కానీ మూత తియ్యగానే వచ్చిన వాసన మాత్రం ఏమీ మారలేదు. ఒక్క కరక్కాయల పులుపే లేదు. బకెట్టు మీదికి వంగి ఎంతసేపు నిలబడ్డానో, మేగన్ పిలిస్తే గానీ తెలియలేదు.

మొదటి రెండు పూతలు మేగన్ వేసింది. ఆఖరిది నేను వేస్తానన్నాను. సిమెంటు పూశానే గానీ, సున్నం పని నాన్న పక్కన నిలబడి చూసిందే తప్ప చేసి ఎరగను. మొదటి రోజు సగం నేల మీదే పడింది. గ్లోవ్స్‌తో తాపీ పట్టు దొరకలేదు, తీసి పక్కన పారేశాను. మేగన్ తిట్టింది. సౌమ్య ఫోన్లో తిట్టింది. వినే రకమైతే ఇంత కథే లేదు కదా. రోజుకి కొంచెం కొంచెంగా, పది రోజుల్లో ఆ గోడ పూర్తిచేశాను. అక్కడక్కడా ఎగుడు దిగుడు. నాన్న చూస్తే "ఇదేం పూతరా, పిల్లలు రాసిన పలకలా ఉంది" అనుండేవాడు. ఠంగుమనదు. తడితే మెత్తగా, మూసిన తలుపులా పలుకుతుంది.

మొన్న బుధవారం మేగన్ వచ్చి ఈసారి మీటరు కూడా పెట్టి చూసి, "ఆరింది. మీ ఆవిడని పిలవండి" అంది. ఆవిడ వెళ్లగానే తేమ మిషను స్విచ్ తీసేశాను. ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. సంతోషంగా ఉండాల్సిన రోజు కదా అని అన్నం వండుకుని, విమల పెట్టి వెళ్లిన ఆవకాయ జాడీ మూత మొదటిసారి తీశాను. వేడన్నం, నెయ్యి. కలపడానికి చెయ్యి పెట్టానో లేదో, నెత్తికెక్కింది మంట. చూసుకుంటే వేళ్లన్నీ చీలికలు. పది రోజుల సున్నానికే. కుడి చేతి పక్కనే సొరుగు, దాని నిండా స్పూన్లు. తియ్యలేదు. ఎడం చేత్తో విమలకి వీడియో కాల్ చేశాను.

"ఆరిందా!" అని అరిచింది, నేను చెప్పకముందే. "శనివారం సౌమ్య డ్రైవ్ చేస్తుందట, వచ్చేస్తాను" అంది. అంటూనే, "ఏమిటండీ ఆ వేళ్లు? అయ్యో రామ! స్పూను లేదా ఇంట్లో?" అంది. ఫర్వాలేదన్నాను. "ఫర్వాలేదేమిటి, కళ్లల్లో నీళ్లు కారుతుంటే! ఆపండి ముందు" అంది. అప్పుడు చెప్పాను. ఇన్నేళ్ల కాపురంలో ఎప్పుడూ చెప్పనిది, వెంకట్రామయ్య గారి వసారా, నా నవ్వు, నాన్న అరచేతిలో నేను పెట్టిన ముద్దలు, ఆ మధ్యాహ్నం ఆయన కంచం లాక్కోవడం, అన్నీ. అన్నం చల్లారిపోయింది. మా నాన్నని ఆవిడ ఎన్నడూ చూడలేదు, మా పెళ్లికే ఆయన లేడు. అంతా విని విమల అడిగింది.

"మరి ఆ తర్వాత మావయ్య గారికి ఎవరు కలిపి పెట్టారండీ?"

ఎవరూ లేరు విమలా, అన్నాను.